కొండ మీద నాలుగు నోటుపుస్తకాలు: ఫౌజులో ఉంటూ రాసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్టిలరీలో 26 ఏళ్లు పనిచేసి నాయబ్ సుబేదారుగా పదవీ విరమణ చేశాను. మాది గోదావరి లంక గ్రామం. గోల్కొండ ట్రైనింగు సెంటరులో రంగరూటుగా, అంటే కొత్తగా చేరిన సిపాయిగా, ఉన్నప్పటి నుంచి ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాను. ఈ సంగతి తెలిసిన తెలుగు జవాన్లు, వాళ్ల ఇళ్లవాళ్లు కొన్నేళ్లుగా ఫోన్లలోనూ రైళ్లలోనూ పెళ్లిళ్లలోనూ నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. ఎక్కువ మంది అడిగినవాటికి ఎక్కువ రాశాను.

ఒకేసారి మూడు నాలుగు రాతలు నెత్తిన వేసుకోవడం ఎందుకు? ఒకటి పూర్తిచేసి ఇంకొకటి మొదలుపెట్టకూడదా?

పీస్ స్టేషనులో, అంటే సరిహద్దుకు దూరంగా కంటోన్మెంటులో, ఉన్నవాళ్లకు నేనూ అదే చెబుతాను. ఫీల్డులో, అంటే సరిహద్దు పోస్టుల్లో, ఆ లెక్క కుదరదు.

నా మొదటి ఫీల్డు పోస్టింగుకు నవల ఒక్కటే వెంట తీసుకుపోయాను. 1986 ఆగస్టు వరద మీద నవల. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మా లంకలో జనమంతా బడి మేడ మీద రెండు రాత్రులు కూర్చున్నాం. రాయడానికి కావలసినంత సరుకుంది. కానీ నవల అంటే అప్పటికి రాసిన అరవై పేజీలూ తలలో ఉండాలి. రాత్రంతా గస్తీ తిరిగి వచ్చినవాడి తలలో అరవై పేజీలు ఉండవు, తడిసిన మేజోళ్లు ఎక్కడ ఆరవేసుకోవాలన్న చింత ఒక్కటే ఉంటుంది. మూడు నెలల్లో రెండు పేజీలు రాశాను. ఇక నాకు రాత పోయిందనుకుని నోటుపుస్తకాన్ని నల్ల ట్రంకు పెట్టె అడుగున పడేశాను.

నాకు రాత పోలేదని తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. అలసటలో రకాలున్నాయి. బరువు మోసి వచ్చినప్పుడు వేళ్లు వంగవు, తల మాత్రం తేలిగ్గా ఉంటుంది. నిద్ర లేనప్పుడు వాక్యం నిలబడదు, విడి మాటలు మాత్రం ఎక్కడినుంచో వచ్చి పడతాయి. మంచు పడి దారి మూసుకుపోయి, పదిరోజులు పని లేక కూర్చున్నప్పుడు ఏదైనా రాయవచ్చు, విసుగు మీద పడకపోతే. ఒక్కో అలసటకు ఒక్కో రాత ఉండాలని అప్పటినుంచి నాలుగు నోటుపుస్తకాలు పెట్టుకున్నాను: నవల, చిన్న కథలు, మా అమ్మాయికి ఉత్తరాల్లో పంపే ఉడుత కథ, తోటివాళ్ల దగ్గర ఏరుకున్న మాటల పుస్తకం.

నాలుగోదాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. డోగ్రా, గఢ్వాలీ, మరాఠా, తమిళ ఊళ్ల సామెతలు, పొడుపుకథలు, వాళ్ల అమ్మలు తిట్టే తిట్లు, ఏ పంటకు ఏ పేరు పెట్టుకుంటారు, ఇవన్నీ రాసుకునేవాణ్ణి. ఒక మాట రాయడానికి అర నిమిషం చాలు. నా రాతల్లో ఒక్క వారం కూడా ఆగనిది అదే.

అసలు ఫీల్డులో సమయం ఎక్కడ దొరుకుతుంది?

తెల్లవారక ముందు స్టాండ్-టు, అంటే అందరూ ఆయుధాలతో సిద్ధంగా నిలబడటం. ఆ తర్వాత ఆయుధాల సఫాయి, మంచు తవ్వడం, కెరోసిన్ జరికేన్లు మోయడం, మంచు కరిగించి నీళ్లు చేయడం. చీకటి పడేవేళకు మళ్లీ స్టాండ్-టు, రోల్ కాల్, లంగర్‌లో భోజనం, రాత్రి వంతులవారీగా సెంట్రీ కాపలా. ఈ పట్టికలో 'రాత' అనే గడి కోసం వెతికితే దొరకదు. నాకు దొరికినవి రెండు సందులు. సెంట్రీ దిగి వచ్చాక ఒళ్లు వెచ్చబడే వరకు నిద్ర పట్టని పావుగంట ఒకటి. ట్రాన్సిట్ క్యాంపుల్లో కాన్వాయ్ కోసమో, హెలికాప్టర్ కోసమో, వాతావరణం తేటపడటం కోసమో చూసే ఎదురుచూపు రెండోది. నా కథల్లో సగం ట్రాన్సిట్ క్యాంపుల్లోనే పుట్టాయి. అక్కడ ఎవరూ నీకు పని చెప్పరు, నువ్వు ఎవరికీ పని చెప్పలేవు. బయట ఎండలో ట్రంకు మీద కూర్చుంటే అదే బల్ల, అదే కుర్చీ.

సెంట్రీ డ్యూటీలో మనసులో వచ్చిన వాక్యాన్ని గబుక్కున రాసుకోవచ్చా?

రాయకూడదు. ఆ రెండు గంటలూ జేబులో పెన్సిలు కూడా ఉంచుకోకండి. వాక్యం మంచిదైతే డ్యూటీ దిగేదాకా ఉంటుంది. ఉండలేదంటే పోనివ్వండి.

నాలుగింటికీ సమయం ఎలా పంచాలి? సోమవారం నవల, మంగళవారం కథ అని పెట్టుకుంటే?

వారాల లెక్క రెండో వారానికే చెడుతుంది. రోజులు మన చేతిలో ఉండవు. నేను నమ్మేది ఒకటే: ఫీల్డు నారుమడి, పీస్ స్టేషను నాట్లు. నారు పోసే చోట పంట కోయాలని చూస్తే నారూ పోతుంది, పంటా రాదు. ఫీల్డులో ఏ రాతా పూర్తి కానక్కర్లేదు, ఎండిపోకుండా ఉంటే చాలు. నవలకు నారు అంటే, ఏ సన్నివేశంలో ఎవరు ఏం పట్టుకుని నిలబడ్డారో ఒక పంక్తి. కథకు నారు మొదటి పేరా, చివరి పేరా. మధ్యది తర్వాత వస్తుంది.

ఈ లెక్కలో పెద్దరాత ఒకటే ఉండాలి. రెండు నవలలు పెట్టుకున్న కుర్రవాణ్ణి చూశాను. రెండింటిలోనూ ఒకే నాయకుడు ఒకే బస్టాండులో నిలబడి ఉన్నాడు! ఒక పెద్దది, రెండు చిన్నవి, ఒక చిల్లర పుస్తకం. అంతకు మించితే మోయలేరు. సంచీలో బరువు కూడా ఆలోచించండి.

మన దేశంలో ఇలా రాసినవాళ్లు ఎవరని అడిగితే అందరూ కాజీ నజ్రుల్ ఇస్లాం పేరు చెబుతారు. 1917లో 49వ బెంగాల్ రెజిమెంటులో చేరి 1920 వరకు కరాచీలో ఉన్నాడు, హవల్దారు దాకా ఎదిగాడు. డ్యూటీ చేస్తూనే కథలూ కవితలూ రాసి కలకత్తా పత్రికలకు తపాలాలో పంపాడు, రెజిమెంటులోనే ఉన్న ఒక మౌల్వీ దగ్గర పారశీకం నేర్చుకున్నాడు. ఆయన పేరు చెప్పి యువకులను ఉసిగొల్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. ఆయన ఉన్నది కంటోన్మెంటులో. పోరు జరిగే చోటికి పోనే లేదు. కరాచీ కంటోన్మెంటు ఉత్పత్తిని చూసి మంచుపోస్టులో ఉన్నవాడు తనను తాను తిట్టుకోవడం న్యాయం కాదు.

ఫీల్డుకు సరిపోయే పద్ధతి నాకు ఇంకొకరి దగ్గర కనిపించింది. తత్వవేత్త విట్గెన్‌స్టైన్ 1914లో ఆస్ట్రియా సైన్యంలో స్వచ్ఛందంగా చేరాడు. యుద్ధంలో ఆయన రాసుకున్న నోటుపుస్తకాలు మూడు మిగిలాయి. వాటిలో కుడి పేజీల్లో తర్కశాస్త్రం, ఎడమ పేజీల్లో సొంత గోడు. ఆ గోడు అక్షరాలు తారుమారు చేసిన గుప్తలిపిలో ఉంటుంది. భయం, విసుగు, తోటి సైనికుల మీద చిరాకు అన్నీ ఎడమవైపు పోశాడు. కుడివైపు వాటి మరక లేదు. ఒకే పుస్తకంలో రెండు రాతలు ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిచాయంటే అందుకు కారణం ఆ మధ్య కుట్టే అనుకుంటాను. నేనూ కథల పుస్తకానికి ఎడమ పేజీలు ఖాళీగా వదలడం మొదలుపెట్టాను. 'ఈరోజు పప్పులో ఉప్పు లేదు', 'ఇంటి నుంచి ఉత్తరం రాలేదు' లాంటివి అక్కడ పడేసి, కుడివైపు పని చూసుకునేవాణ్ణి. గుప్తలిపి మాత్రం వద్దు. ఎందుకో తర్వాతి ప్రశ్నల్లో చెబుతాను.

ఎత్తైన పోస్టులో తల పనిచేయడం లేదు. నాకు రాత మీద ఇష్టం తగ్గిపోయిందా?

ఇష్టం తగ్గలేదు, ఆక్సిజన్ తగ్గింది. లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. దిగినవాణ్ణి వెంటనే పనిలో పెట్టరని మీకు తెలుసు. ఒళ్లు అలవాటు పడటానికి మొదటి దశ 6 రోజులు, 12,000 అడుగులు దాటితే మరో 4, 15,000 దాటితే ఇంకో 4. మొదటి రెండు రోజులు విశ్రాంతే. విశ్రాంతి అన్నారు కదా అని 2004లో నేను మంచం మీద నవల తెరిచాను. పెద్ద అధ్యాయం రాసేశాననుకున్నాను. వారం తర్వాత చూసుకుంటే ఒకే వాక్యం వేరువేరు చోట్ల మూడుసార్లు ఉంది. మూడుసార్లూ గర్వంగా రాసుకున్నాను.

ఆ తర్వాత నా లెక్క మారింది. ఎత్తు పెరిగేకొద్దీ రాత చిన్నదవ్వాలి. లేహ్‌లో పేరా రాయవచ్చు. 15,000 అడుగుల దగ్గర ఉత్తరం. హిమానీనదం మీద, మూడు నెలల పాటు, రోజుకొక మాట. నేను ఉన్న పోస్టు పేరు ఇప్పుడు కూడా చెప్పను. ఆ మూడు నెలల్లో నా మాటల పుస్తకంలో 80కి పైగా పంక్తులు చేరాయి. నవలలో ఒక్కటి కూడా చేరలేదు. అందుకు నాకు విచారం లేదు.

ఒక్క హెచ్చరిక. తలనొప్పి తగ్గకపోయినా, వాంతులు అవుతున్నా, నడక తూలినా, మాట తడబడినా, రాస్తున్నది మీకే అర్థం కాకపోయినా దాన్ని ఏదో రచయిత వ్యథ అనుకోకండి. వెంటనే నర్సింగ్ అసిస్టెంటుకు చెప్పండి. పక్కవాడిలో కనిపించినా చెప్పండి.

పెన్నా, పెన్సిలా, ఫోనా?

పెన్సిలు. బాల్ పెన్నులో సిరా చలికి గడ్డకట్టి గీత పడదు. చంకలో పెట్టుకుని వెచ్చబరచినా నాలుగు పంక్తులకే మళ్లీ మొరాయిస్తుంది. పెన్సిలుకు ఆ బెడద లేదు. చేతి తొడుగుతో కూడా పట్టుకోవచ్చు. ముక్కు విరిగితే ఉన్న కత్తి చాలు.

ఫోను బ్యాటరీ చలిలో చూస్తుండగానే పడిపోతుంది. అయినా చాలా చోట్ల ఫోను అనుమతే ఉండదు, ఉన్నచోట ఛార్జింగు కోసం వరుస. ఆ వరుసలో నీ నవల కంటే ఒకరి ఇంటి వీడియో కాల్ ముఖ్యం. ఫోనుకు మాట చెప్పి టైపు చేయించే పద్ధతి ఇప్పటి కుర్రవాళ్లకు ఇష్టం. పదిమంది పడుకున్న గదిలో కథానాయిక సంభాషణలు పైకి చదవగలిగే ధైర్యం ఉంటే అలాగే కానివ్వండి.

నోటుపుస్తకం జేబు సైజుది, గట్టి అట్టది, కుట్టు వేసినది కొనండి. స్ప్రింగుది వద్దు, సంచీలో నలుగుతుంది. ప్లాస్టిక్ సంచీలో చుట్టండి. బుఖారీ (గది వెచ్చబరిచే కిరోసిన్ పొయ్యి) మసి ఎంత మూసిపెట్టినా పేజీల్లోకి పోతుంది. నా పుస్తకాలు ఇవాళ తెరిచినా కిరోసిన్ వాసన వస్తుంది. మా ఆవిడ వాటిని బీరువాలో పెట్టనివ్వదు.

ఏది రాయవచ్చు, ఏది రాయకూడదు?

రాసుకోవడం వేరు, ప్రచురించడం వేరు. రెండింటికీ హద్దులున్నాయి.

ప్రచురణ గురించి 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ నియమం చూడండి. రాజకీయ విషయం మీద గాని, సర్వీసు విషయం మీద గాని, సర్వీసు సమాచారం ఉన్నది గాని, ముందస్తు అనుమతి లేకుండా పత్రికకు ఇవ్వకూడదు, పుస్తకంగానో వ్యాసంగానో ఉత్తరంగానో అచ్చువేయకూడదు. నేరుగానే కాదు, పరోక్షంగా కూడా. 'సర్వీసు విషయం' అంటే బలగాలు, దేశ రక్షణ, విదేశీ సంబంధాలు అన్నీ వస్తాయి. కథ అని పేరు పెట్టినంత మాత్రాన లోపల ఉన్న సమాచారం కల్పన అయిపోదు. అనుమతి కావాలంటే మీ యూనిట్ ద్వారా రాతపూర్వకంగా అడగాలి. ఆలస్యం అవుతుంది, కొన్నిసార్లు కాదంటారు. అందుకే నేను సర్వీసులో ఉన్నంతకాలం వరద నవల, ఉడుత కథ, పల్లెటూరి కథలే రాశాను. తప్పించుకోవడానికి రాశాననుకోకండి. కొండమీద కూర్చుంటే నాకు గుర్తొచ్చినవి లంకలే.

సోషల్ మీడియాకు ఇంకా వేరే ఆంక్షలున్నాయి. 2020 జులైలో ఆర్మీ ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లను తీసేయమని ఆదేశించింది. ఆ తర్వాత మార్పులు వస్తూనే ఉన్నాయి. కనుక ఈ రోజున మీ యూనిట్‌లో ఏ ఆదేశం అమల్లో ఉందో అక్కడే అడగండి, నా మాట మీద ఆధారపడకండి. కవిత పక్కన పెట్టిన ఫోటోలో వెనుక కొండ ఆకారం కనిపిస్తే చాలు, మీరెక్కడున్నారో చెప్పేవాళ్లు ఉంటారు.

ఇక సొంత నోటుపుస్తకం. ఎవరికీ చూపనన్నది కూడా ఒకరోజు ఎవరి చేతిలోనైనా పడుతుందనుకునే రాయాలి. చోటు పేరు, సంఖ్యలు, కదలికల తేదీలు, ఆయుధాలు, అధికారుల పేర్లు ఉండకూడదు. నేను డైరీ రాయకపోవడానికి కారణం ఇదే. డైరీ అంటేనే తేదీ, చోటు. ఆ రెండూ తీసేస్తే మిగిలేది 'ఎడమ పేజీ'.

గుప్తలిపిలోనో మారుమాటల్లోనో రాసుకుంటే?

అనుమానం రెట్టింపు అవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో ఉన్న భారతీయ సిపాయిలు ఇంటికి రాసే ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివేవారు. సిపాయిలు తెలివిగా భారతీయ సైనికులను నల్ల మిరియాలు అని, తెల్లవాళ్లను ఎర్ర మిరపకాయలు అని రాశారు. నల్ల మిరియాలు అయిపోతున్నాయంటే ఇంటివాళ్లకు అర్థమవుతుందని వాళ్ల ఆశ. సెన్సారువాళ్లకు కూడా అర్థమైంది. ఆ ఉత్తరాల అనువాదాలు ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాసినవాళ్లు దాచాలనుకున్నదే ఇప్పుడు అందరూ చదువుతున్నారు.

మారుపేరుతో పత్రికకు పంపితే?

నియమంలో 'పరోక్షంగా' అన్న మాట ఉన్నది దానికోసమే. మీ పల్లె కథకు మారుపేరు పెట్టుకోవడం మీ ముచ్చట. సర్వీసు విషయానికి మారుపేరు రక్ష కాదు. పదవీ విరమణ చేసినా 1923 నాటి అధికార రహస్యాల చట్టం వెంట ఉంటుంది.

గదిలో పదిమంది. ఏకాంతం లేదు. 'ఏం రాస్తున్నావు' అని అడుగుతూనే ఉంటారు.

తెలుగు లిపి మనకు ఒక గోడ లాంటిది. మా డిటాచ్‌మెంటులో ఇంకో తెలుగువాడు లేనప్పుడు నా పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండేది, ఎవరికీ ఏమీ తెలియదు. 'జిలేబీలు చుడుతున్నావా' అని ఒక హర్యానా ఉస్తాద్ రోజూ అడిగేవాడు. అయితే ఎవరికీ అర్థంకాని లిపిలో రోజూ ఏదో రాసేవాణ్ణి చూస్తే పైవాళ్లకు సందేహం రావడం సహజం. ఒకసారి నన్ను పిలిచి పుస్తకం పట్టుకెళ్లారు. చదివి చెప్పడానికి పక్క యూనిట్ నుంచి మన కర్నూలు మనిషిని పిలిపించారు. ఆయన నవల మూడో అధ్యాయం దాకా చదివి, 'సాబ్, ఇందులో వరద తప్ప ఏమీ లేదు' అన్నాడు. బయటికి వచ్చాక మాత్రం, 'తర్వాత ఆ ముసలమ్మను పడవ ఎక్కించారా లేదా' అని అడిగాడు. నాకు దొరికిన మొదటి పాఠకుడు ఆయనే.

అంచేత మీరే ముందుగా చెప్పండి. 'సాబ్, నేను కథలు రాసుకుంటాను, పుస్తకం ఇది' అని సీనియర్ జేసీఓకు (సుబేదారు స్థాయి అధికారికి) చూపించి ఉంచండి. దాచినదాన్నే వెతుకుతారు.

ఏకాంతం విషయానికి వస్తే, నేను దాన్ని వెతకడం మానేశాను. మాటల పుస్తకానికి ఆ పదిమందే పొలం. 'మీ ఊళ్లో దీన్ని ఏమంటారు' అని అడిగితే చాలు, చెప్పనివాడు లేడు. పొడుపుకథ ఒకటి చెబితే బుఖారీ చుట్టూ గంట గడిచిపోయేది. నేను రాసుకోవడం ఆపితే వాళ్లే గుర్తుచేసేవారు.

నోటుపుస్తకం పోతే?

పోతుంది. ఆ లెక్కతోనే ఉండండి. నాది ఒకసారి సామాను మార్పిడిలో ట్రంకుతో సహా పోయింది, 11 కథలు. ఎవరి పొరపాటో తేలలేదు. వాటిలో మళ్లీ రాయగలిగినవి నాలుగు. మిగతా ఏడింటి పేర్లు మాత్రం గుర్తున్నాయి.

అప్పటినుంచి పేజీ నిండితే దాని నకలు ఉత్తరంలో ఇంటికి పంపాను. రెండుసార్లు రాయడం దండుగ అనిపిస్తుంది గాని, రెండోసారి రాస్తున్నప్పుడే కథ బాగుపడుతుంది. మా రోజుల్లో కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే చాలు, మేము ఏ కొండమీద ఉన్నా ఉత్తరం వెతుక్కుంటూ వచ్చేది. తూర్పున ఉన్నవాళ్లకు 99 ఏపీఓ. ఇప్పుడు సెలవుపై దిగినప్పుడు పేజీలను ఫోటో తీసి ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకోవచ్చు. తీసే ముందు ఆ పేజీలో పోకూడనిది ఏదైనా ఉందేమో చూసుకోండి.

పిల్లలకు రాసే ఉత్తరాల కథను కూడా రాత అనవచ్చా?

నా నాలుగింటిలో నేను ఏనాడూ వాయిదా వేయనిది అదే. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాను. లంకలో కొబ్బరిచెట్టు మీద ఉండే ఉడుత వరదలో కొట్టుకుపోయి, సముద్రం చూసి, వెనక్కి రావడానికి దారి అడుగుతూ ఉంటుంది. ఇన్లాండు లెటరులో వేరే కాగితం పెట్టకూడదు కదా, ఉన్న మూడు మడతల్లోనే సరిపెట్టాలి. కాగితం ఎక్కడ అయిపోతే కథ అక్కడ ఆగేది. ఒకసారి ఉడుత మొసలి వీపు మీద అడుగుపెట్టేసరికి కాగితం అయిపోయింది. తర్వాతి ఉత్తరం మంచు వల్ల నెల ఆలస్యమైంది. ఆ నెలంతా బడికి పోతూ వస్తూ పిల్ల మొసలి గురించే అడిగిందట. కథ ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది ఇన్లాండు లెటరే. ఏ సంపాదకుడూ అంత ఖచ్చితంగా కోత పెట్టలేదు.

మావారు ఏడాదికి రెండుసార్లు సెలవు మీద వస్తారు. వచ్చాక కూడా నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటున్నారు. మీరైనా చెప్పండి.

అమ్మా, చెబుతాను. ఈ ప్రశ్న జవాన్లు అడగరు, వాళ్ల భార్యలే అడుగుతారు. మా ఆవిడ కూడా అడిగింది, ఇంత మర్యాదగా కాదు.

జవానుకు ఏడాదికి 60 రోజులు వార్షిక సెలవు, 30 రోజులు క్యాజువల్ సెలవు. అది కూడా యూనిట్ పరిస్థితిని బట్టి ముక్కలుగా దొరుకుతుంది. ఆ రోజుల్లోనే పొలం గట్టు తగాదా, బ్యాంకు పని, అమ్మ కంటి ఆపరేషను, బావమరిది పెళ్లి. విట్గెన్‌స్టైన్ 1918 వేసవిలో సెలవు మీద వచ్చి తన పుస్తకం పూర్తిచేశాడు. నవంబరులో ఇటలీలో ఖైదీగా చిక్కినప్పుడు ఆ రాతప్రతి ఆయన సంచీలోనే ఉంది. చదువరులు ఇది చెప్పి మురిసిపోతారు. ఆయనకు పెళ్లాం బిడ్డలు లేరు.

నేను పెట్టుకున్న ఏర్పాటు ఇది. రైలు నాది, ఇల్లు ఇంటివాళ్లది. జమ్మూ నుంచి విజయవాడకు అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రాత్రులకు పైనే. పోను రాను కలిపితే నాలుగైదు రోజుల కొట్టివేతలు, దిద్దుబాట్లు అయిపోతాయి. పక్క పైబెర్తు అడిగి తీసుకోండి, అక్కడికి ఎవరూ ముచ్చట్లకు రారు. విజయవాడలో దిగేముందు పుస్తకం సంచీ అడుగున పెట్టి, తిరుగు ప్రయాణంలో మళ్లీ తీసేవాణ్ణి. సెలవులో ఏదైనా తోస్తే పాల చీటీ మీద ఒక్క పంక్తి. అంతే.

ఉగాది, దీపావళి కథల పోటీలకు గడువులు అందుకోవడం ఎలా?

ఆ ఏడాది ప్రకటన చూసి రాయడం మొదలుపెడితే అందదు. రెండు కథలు దిద్ది సిద్ధంగా ఇంట్లో ఉంచండి. ప్రకటన వచ్చాక తమ్ముడో భార్యో యూనికోడ్‌లో టైపు చేసి పంపుతారు. కథ సొంతదేనన్న హామీపత్రం మీద సంతకం మీదే ఉండాలి కాబట్టి దాన్ని సెలవులో ఉన్నప్పుడే రాసి పెట్టండి. గడువు తప్పిపోతే వచ్చే ఏడాది పండగ వస్తుంది.

తోటివాడు పోయాడు. దాని గురించి రాయాలా?

అందరూ ఫోనులో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది.

హిమానీనదం మీద నేను ఉన్నది 2003 నవంబరు కాల్పుల విరమణ తర్వాత. తుపాకులు మోగలేదు. అయినా మంచు మాలో ఒకణ్ణి తీసుకుపోయింది. ఆ రాత్రే రాయబోయాను. వచ్చిన మాటలన్నీ ఎక్కడో చదివినవే: వీరుడు, అమరుడు, త్యాగం. వాడు ఆ మాటల్లో ఎక్కడా లేడు. వాడు చాయ్‌లో నాలుగు చెంచాల పంచదార వేసుకునేవాడు, ఎడమ బూటు లేసు ఎప్పుడూ ఊడిపోయేది. పుస్తకం మూసేశాను.

తర్వాత మూడేళ్లు వాడి గురించి ఏమీ రాయలేదు. రాయవలసింది వాడి ఇంటికి ఒక ఉత్తరం, అది రాశాను. ప్రచురణకు రాయాలంటే ఇంటివాళ్ల అంగీకారం, సర్వీసు అనుమతి రెండూ కావాలి. అవి రెండూ ఉన్నా, మీరు తొందరపడనక్కర్లేదు. నా మాటల పుస్తకంలో వాడు చెప్పిన పొడుపుకథలు ఆరు ఉన్నాయి, వాడి ఊరి మాటలోనే. విప్పు చెప్పకుండా పోయినవి రెండు. వాటికింద ఖాళీ వదిలాను.

నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే మళ్లీ మళ్లీ రావడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం వారాలు గడిచినా తగ్గకపోతే అది నోటుపుస్తకంతో తీరేది కాదు. యూనిట్ డాక్టరుకు చెప్పండి. నేను చెప్పడానికి చాలా ఆలస్యం చేశాను.

నాలుగు నెలలుగా ఒక్క అక్షరం రాయలేదు. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

నవల తెరవకండి. అది అప్పులవాడిలా చూస్తుంది. పక్కమంచం వాడిని వాళ్ల ఊళ్లో కుంపటిని ఏమంటారో అడిగి రాసుకోండి. రేపు ఇంకొకటి. పదో రోజుకు ఉత్తరం రాయాలనిపిస్తుంది.

పీస్ స్టేషనుకు వచ్చాక అన్నీ పూర్తవుతాయా?

మంచి బల్ల, కరెంటు, ఆదివారం. నాకు మొదటి మూడు నెలలూ ఏమీ రాలేదు. పీటీ, పరేడు, తనిఖీలు, పిల్ల బడి, గ్యాసు సిలిండరు. ఫీల్డులో పావుగంటకు ఉన్న విలువ ఇక్కడ గంటకు లేదు. చివరికి బల్ల వదిలి మెట్ల మీద ట్రంకు వేసుకుని కూర్చుంటే రాత కదిలింది. నారు తీసి నాటడం ఒక్కరోజులో జరిగే పని కాదని మా నాన్నను అడిగితే ముందే చెప్పేవాడు.

ఇక్కడ మాత్రం ఒక్కొక్కటే ముగించండి. నేను ముందు చిన్న కథలు ముగించాను.

మీ నవల ఏమైంది?

ఉడుత ఇల్లు చేరింది. మా అమ్మాయి ఉత్తరాలన్నీ వరసగా పెట్టి, టైపు చేసి, మొసలి దగ్గర నేను చేసిన తప్పును కూడా దిద్దింది. మాటల పుస్తకం 900 పంక్తులు దాటింది. నవల పద్నాలుగో అధ్యాయంలో ఉంది. వరద భద్రాచలం దాటింది, మా లంకకు ఇంకా చేరలేదు.